కొత్త డిస్ట్రాయర్‌కి పాత ఫిట్టరు రివ్యూ

గీజరుకి రివ్యూ రాశాను. ఇన్వర్టరు బ్యాటరీకి రాశాను. పోయినేడు కొన్న వెట్ గ్రైండరుకైతే బెల్టు ఎక్కడ జారుతుందో బొమ్మ గీసి మరీ రెండు పేజీలు రాశాను. ఇప్పుడు యుద్ధనౌకకి రాస్తున్నానంటే మా ఆవిడ నవ్వింది. "దానికీ వారంటీ కార్డు ఇచ్చారా ఏంటి?" అంది. కార్డు ఇవ్వలేదు గానీ బిల్లులో మన వాటా ఉంది కదా! ప్రాజెక్ట్ 15బి కింద ముంబై మజగావ్ డాక్‌లో కట్టిన నాలుగు డిస్ట్రాయర్లకీ కలిపి దాదాపు 35 వేల కోట్లు. గ్రైండరుకి రెండు పేజీలు రాసినవాణ్ణి దీనికి నాలుగు ముక్కలు రాయకపోతే ఎలా?

నేనెవరో ముందే చెప్పేస్తాను. విశాఖలో ఓడల రిపేరు పనిలో అప్రెంటిస్‌గా చేరాను, ఫిట్టర్నయ్యాను, చార్జ్‌మన్‌గా రిటైరయ్యాను. ఉండేది మల్కాపురం. పంపులు, వాల్వులు, పైపులు నా లోకం. చివరి పదేళ్ళూ షిప్పుని నడిపే గ్యాస్ టర్బైన్ ఇంజిన్ల చుట్టూ ఉండే సరంజామా చూశాను. మిసైళ్ళ గురించీ రాడార్ల గురించీ మీరు పేపర్లో చదివినంతే నేనూ చదివాను. కాబట్టి ఇది స్పానరు పట్టుకున్నవాడి రివ్యూ. కెప్టెన్ కుర్చీలో కూర్చునేవాళ్ళు వేరేలా రాస్తారు, రాయనివ్వండి.

మా తోడల్లుడి కొడుకు 15బి షిప్పుల్లో ఒకదాని మీద ఇంజిన్ వైపు డ్యూటీ చేస్తున్నాడు. ఇంట్లోవాళ్ళని షిప్పు చూడ్డానికి రానిచ్చే రోజొకటి వస్తే "పెదనాన్నా, మీరు రాకపోతే ఊరుకోను" అన్నాడు. ఏ షిప్పో, ఏ నెలో రాయను, అది ఉద్యోగం నేర్పిన అలవాటు. ఫోన్లు గేటు దగ్గరే ఇచ్చేశాం కాబట్టి ఫొటోలు కూడా లేవు.

గ్యాంగ్‌వే ఎక్కగానే అందరూ తలెత్తి మాస్ట్ చూస్తుంటే నేను వంగి డెక్ మీద పెయింట్ చూశాను. జారకుండా వేసే గరుకు పెయింట్ అంచుల దగ్గర కూడా లేచిపోలేదు. వెల్డింగ్ అతుకుల మీద చెయ్యి రాసి చూశాను, చక్కగా ఉన్నాయి. ఉక్కు కూడా మన దేశంలో తయారైన డీఎంఆర్ 249ఏ రకమే. మజగావ్ డాక్ వెల్డర్లకి నా నమస్కారం.

తర్వాత ఆకారం. బీచ్ రోడ్డులో ఒడ్డున పెట్టిన కురుసుర సబ్‌మెరైన్ చూసే ఉంటారు, అది 91 మీటర్లు. ఈ షిప్పు 163 మీటర్లు. బరువు 7,400 టన్నులు, వేగం 30 నాట్స్ పైమాటే. మేం రిపేరు చేసిన పాత డిస్ట్రాయర్లని, రాజ్‌పుత్ తరగతివి (అంటే ఒకే డిజైన్ మీద కట్టినవి), దూరం నుంచి చూస్తే తీర్థంలో సామాన్ల కొట్టులా కనిపించేవి. యాంటెన్నాలు, ఫిరంగులు, మిసైల్ పెట్టెలు, పడవలు, అన్నీ బయటే వేలాడుతుండేవి. ఇది మూత బిగించిన ఇనప్పెట్టెలా ఉంది. పక్క గోడలు ఏటవాలుగా ఉన్నాయి, శత్రువు రాడార్ నుంచి వచ్చిన తరంగం వచ్చిన దారినే తిరిగి వెళ్ళకుండా పక్కకి చెదిరిపోవాలని. మా ఆవిడకి ఇది చెబితే "అయితే బట్టలారేసుకోడానికి తీగ కూడా కట్టుకోలేరన్నమాట" అంది. నిజమే, కట్టుకోలేరు.

ఇంత కొత్తదనంలో నాకొక పాత చుట్టం కనిపించింది. ముందు వైపు పన్నెండు గొట్టాలు గుర్రపు నాడా ఆకారంలో పేర్చిన రాకెట్ లాంచర్, ఆర్‌బీయూ-6000. సబ్‌మెరైన్ల మీదకి వేసేది. సోవియట్ కాలపు సరుకు. రాజ్‌పుత్ మీదా ఇదే ఉండేది. దూరపు ఊళ్ళో పెళ్ళికి వెళితే వంటశాలలో మన వీధి వంటమనిషి ఎదురైనట్టయింది. పనిచేసేదాన్ని పారెయ్యకుండా ఉంచుకున్నందుకు ఒక మార్కు వేశాను.

లోపల ఏసీ. దీనికి మూడు మార్కులు వెయ్యమన్నా వేస్తాను. విశాఖలో మే నెలలో పాత షిప్పు ఇంజిన్ రూమ్‌లో పని ఎలా ఉంటుందో చేసినవాళ్ళకే తెలుసు. ఇరవై నిమిషాలు లోపల, పది నిమిషాలు పైన. నిమ్మకాయ, ఉప్పు, నీళ్ళు కలిపిన బకెట్ హ్యాచ్ పక్కనే ఉండేది. స్పానరు కింద పెట్టి మళ్ళీ పట్టుకుంటే చెయ్యి కాలేది. కొత్త షిప్పులో గదుల గాలిని మొత్తం ఒక పద్ధతిలో నడిపే ఏర్పాటు ఉంది. విషవాయువు, అణుధూళి లాంటివి లోపలికి రాకుండా కాపాడేదీ అదే. పడుకునే బెర్తులు బాగున్నాయి. మెస్‌లో టీ, ఉల్లిపాయ పకోడీ పెట్టారు. పకోడీ గురించి వేరే రివ్యూ రాయొచ్చు, అంత బాగుంది.

ఇక నా కంటికి కనిపించిన లోపం. మెస్ నుంచి బయటికొచ్చే సన్నటి దారిలో, భుజం ఎత్తులో, ఒక వాల్వ్ ఉంది. దాని ముందు నుంచి కేబుల్ ట్రే పోతోంది. నేను ఎవరూ చూడకుండా చెయ్యి దూర్చాను. నాలుగు వేళ్ళు పట్టాయి, బొటనవేలు పట్టలేదు. చక్రం పట్టుకోవచ్చు గానీ తిప్పడానికి మణికట్టుకి జాగా లేదు. ఇక స్పానరు వెయ్యడమన్న మాటే లేదు. డ్రాయింగ్‌లో పైపు వాళ్ళు పైపు గీశారు, కరెంటు వాళ్ళు కేబుల్ గీశారు, రెండూ ఒకదానికొకటి తగల్లేదు కాబట్టి పాసైపోయింది. మధ్యలో ఒక మనిషి చెయ్యి గీసినవాడు లేడు. అర నక్షత్రం అక్కడే కోసేశాను.

చాదస్తం అనుకోకండి. షిప్పు ఎన్నాళ్ళు బతుకుతుందో తేల్చేది ఇలాంటి జాగాలే. పాత షిప్పుల్లో ఒకదాని మీద, పేరెందుకు లెండి, ఒక పంపు బేరింగ్ పోయింది. బేరింగ్ మార్చడం ఒక్క పూట పని. కానీ ఆ పంపు బయటికి రావాలంటే దారిలో కొత్తగా బిగించిన క్యాబినెట్ అడ్డం. దాన్ని తీయాలంటే గోడ కొయ్యాలి. గోడ కొయ్యాలంటే వెనకాల గదిలో వైరింగ్ విప్పాలి. బేరింగ్ మారేసరికి పదకొండు రోజులు. అందులో పది రోజులు పంపు మొహమే చూడలేదు. పదకొండో రోజు మధ్యాహ్నం బేరింగ్ మార్చి, భోజనానికి వెళ్ళొచ్చి, గోడ అతికించడం మొదలెట్టాం.

ఇప్పుడు రాజ్‌పుత్ సంగతి. విశాఖలో ఆ పేరు చెప్పగానే పెద్దవాళ్ళకి 1971 గుర్తొస్తుంది, పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ మునిగిన రాత్రి. ఆ రాజ్‌పుత్ వేరు, బ్రిటిష్ వాళ్ళ దగ్గర కొన్న పాత షిప్పు. నేను చెప్పేది రెండోది. 1980 మే 4న జార్జియాలోని పోతిలో మన నేవీలో చేరింది, 1988లో తూర్పు నౌకాదళానికి, అంటే మా విశాఖకి వచ్చింది. కట్టింది అప్పటి సోవియట్ యూనియన్‌లోని నికొలాయెవ్‌లో. రష్యన్లు దానికి పెట్టుకున్న పేరు ‘నదెజ్‌నీ’, నమ్మదగినది అని అర్థం. 2021 మే 21 సాయంత్రం జెండా దించేనాటికి 41 ఏళ్ళు పనిచేసింది. కోవిడ్ రోజులు కావడంతో మాలాంటి రిటైరైనవాళ్ళకి పిలుపు లేదు. నేను మేడ మీదకెళ్ళి డాక్‌యార్డ్ వైపు చూస్తూ నించున్నాను. అక్కణ్ణుంచి ఏమీ కనిపించదు, క్రేన్లు తప్ప.

ఆ షిప్పుల్లో పొగగొట్టాలు చాలా పెద్దవి. చూసినవాళ్ళు ‘ఇదేంటి, ఫ్యాక్టరీ చిమ్నీల్లా’ అనేవాళ్ళు. దాని కారణం మాకు తెలుసు. గ్యాస్ టర్బైన్ పాడైతే దాన్ని ఆ గొట్టం దారిలోనే పైకి లాగి, కొత్తది అదే దారిలో దించెయ్యొచ్చు. గోడలు కొయ్యక్కర్లేదు. నాకు బాగా గుర్తున్న దృశ్యం అదే. పొద్దున్నే, ఎండ ముదరకముందు, క్రేన్ కొక్కెం గొట్టంలోకి దిగుతుంది. కింద నలుగురం నాలుగు వైపులా తాళ్ళు పట్టుకుని ఉంటాం. పైన ఒకడు చేత్తో సైగ చేస్తాడు. ఒక్కడే చెయ్యాలి, రెండోవాడు చెయ్యి ఎత్తితే తిట్లు. మేనమామలు పెళ్ళికూతుర్ని బుట్టలో తెస్తారు చూడండి, అంత జాగ్రత్తగా, ఎక్కడా గోడకి తగలకుండా, టర్బైన్ మెల్లగా పైకొస్తుంది. బయటపడ్డాక అందరం ఒక్కసారి ఊపిరి వదులుతాం. అది గీసిన ఇంజనీరు ఎవరో గానీ, రిపేరు చేసేవాణ్ణి మనసులో పెట్టుకుని గీశాడు.

ఖాళీ జాగా కూడా అంతే. నాలుగు పాత స్టిక్స్ మిసైళ్ళతో వచ్చిన షిప్పుకి తర్వాత బ్రహ్మోస్ బిగించగలిగారు. దాని చెల్లెలు రణ్‌వీర్ నుంచి 2008 డిసెంబర్‌లో బ్రహ్మోస్ నిలువుగా లేచి వెళ్ళింది. 1970లలో గీసిన డ్రాయింగ్‌లో ఆ మిసైల్ ఎక్కడుంది? జాగా ఉంది కాబట్టి పట్టింది.

అలాగని పాతదంతా బంగారం అనను. హెలికాప్టర్ ఒక్కటే పట్టేది, దాని గది డెక్ కింద, దాన్ని పైకి తేవడమే ఒక తతంగం. కొత్తదాంట్లో రెండు హెలికాప్టర్లు, గది డెక్ మీదే. పాత కేబుళ్ళ ఇన్సులేషన్ అప్పడంలా విరిగేది. విడి భాగాల కోసం ఎదురుచూపులు వేరే. 2022 జనవరి 18న ముంబైలో రణ్‌వీర్ లోపలి గదిలో పేలుడు జరిగి ముగ్గురు నావికులు చనిపోయారు. దానికి కారణం వయసేనని నేను అనను, అనడానికి నేనెవర్ని. కానీ ఆ వార్త విన్న రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అలాంటి గదుల్లో బోర్లా పడుకుని పనిచేసినవాణ్ణి. ఈ తరగతి అయిదింట్లో రంజిత్ 2019లో వెళ్ళిపోయింది, రాజ్‌పుత్ 2021లో. మిగిలిన మూడూ 1980లలో చేరినవే. వాటి జాగాలో ఏదో ఒకటి రావాల్సిందే.

మరి 15బి ఆ జాగాలో సరిపోదా అంటారు. మంచి షిప్పే. కానీ దీని వంశం చూడండి. 1997లో వచ్చిన ఢిల్లీ 163 మీటర్లు. 2014లో వచ్చిన కోల్‌కతా అదే అచ్చు. 2021లో వచ్చిన విశాఖపట్నం మళ్ళీ అదే అచ్చు. తాత కట్టిన పునాది మీద కొడుకు ఒక అంతస్తు, మనవడు ఒక అంతస్తు వేసుకున్నట్టు. ఇల్లు బాగానే నిలబడింది, లోపల మార్బుల్ కూడా వేశారు, కానీ మెట్లు మాత్రం తాత పెట్టిన చోటే ఉన్నాయి. ఇందులో 16 బ్రహ్మోస్, 32 బరాక్-8 మిసైళ్ళు. బ్రహ్మోస్‌ని నిలబెట్టి పేల్చే గూట్లో బరాక్ పట్టదు, బరాక్ గూట్లో ఇంకోటి పట్టదు. అమెరికా ఆర్లీ బర్క్ షిప్పుల్లో గూళ్ళు 90 నుంచి 96, చైనా టైప్ 055లో 112. అది పన్నెండు వేల టన్నుల పైబడ్డ షిప్పు అనుకోండి, పోలిక పూర్తిగా న్యాయం కాదు. ముందు ఫిరంగి 127 మిల్లీమీటర్లది పెట్టాలనుకున్నారు, చివరికి 76 మిల్లీమీటర్లదే వచ్చింది.

విశాఖపట్నం పేరు పెట్టుకున్న షిప్పు విశాఖలో ఉండదు, ముంబైలో ఉంటుంది. చిహ్నం మీద మాత్రం మా డాల్ఫిన్ నోస్ లైట్‌హౌస్, పక్కన కృష్ణజింక. అత్తారింటికెళ్ళిన అమ్మాయి మెడలో పుట్టింటి గొలుసులాగ. సరే, ఇది రివ్యూకి సంబంధం లేని బాధ.

అసలు టెన్షన్ ఇంజిన్ల దగ్గర. ఈ షిప్పుకి నాలుగు గ్యాస్ టర్బైన్లు, జోర్యా కంపెనీవి. ఆ కంపెనీ ఉన్నది ఉక్రెయిన్‌లోని మైకొలాయివ్‌లో. నికొలాయెవ్ అని పైన రాశానే, రష్యన్లు అలా పిలిచింది ఈ ఊరినే. అంటే పాత షిప్పు పుట్టిన ఊరి నుంచే కొత్త షిప్పుకి గుండె వచ్చింది. 2022 నుంచి ఆ ఊరి మీద బాంబులు పడ్డాయి. విశాఖలో ఐఎన్‌ఎస్ ఏకశిల అనే నేవీ కేంద్రంలో గ్యాస్ టర్బైన్లు విప్పి ఓవర్‌హాల్ చేసే నైపుణ్యం మనకుంది, అది చిన్న విషయం కాదు. కానీ ఓవర్‌హాల్ చెయ్యడం వేరు, తయారుచెయ్యడం వేరు. ఒక్క ఊరి మీద మూడు తరగతుల డిస్ట్రాయర్ల గుండె ఆధారపడ్డం నాకు నచ్చలేదు. ఇది 15బి తప్పు కాదు, అందుకే మార్కులు తగ్గించలేదు. కానీ రాబోయేదాన్ని గీసేవాళ్ళు మొదటి కాగితం మీదే తేల్చుకోవాల్సిన సంగతి ఇది.

ఆ రాబోయేది నేవీ వాళ్ళు ‘నెక్స్ట్ జనరేషన్ డిస్ట్రాయర్’ అంటున్న తరగతి. పదివేల టన్నులు దాటుతుందని పేపర్లలో వస్తోంది. పెద్దదైతే మంచిదే, ఉక్కు చవక. షిప్పులో ఖరీదైనవి ఎలక్ట్రానిక్సూ ఆయుధాలూ. కాకపోతే పెద్ద షిప్పు కట్టి దాన్నీ మూల మూలా నింపేస్తే మళ్ళీ నా కేబుల్ ట్రే కథే.

బయటివాళ్ళ అనుభవం చూస్తే భయమేస్తుంది. బ్రిటిష్ వాళ్ళ టైప్ 45 ఉంది, ఆరు షిప్పులు, గాలిలో వచ్చేదాన్ని కొట్టడంలో గొప్పవని పేరు. వాటి ఇంజిన్ ఏర్పాటు వేడి సముద్రాల్లో తట్టుకోలేక, షిప్పు మొత్తం కరెంటు పోయి నడిసముద్రంలో ఆగిపోయేది. 2016లో పార్లమెంటు కమిటీ అడిగితే కంపెనీ వాళ్ళ జవాబు ఏంటంటే, మాకిచ్చిన లెక్క ప్రకారమే చేశాం, గల్ఫ్‌లో వేడి ఆ లెక్కకి మించి ఉంది అని. గల్ఫ్‌లో వేడి ఉంటుందని ఎవరికి తెలీదు? మా మల్కాపురం వీధి చివర టీ కొట్టువాణ్ణి అడిగినా చెబుతాడు, వాళ్ళ బావమరిది దుబాయ్‌లో ఉన్నాడు. ఇప్పుడు ఆ షిప్పుల్లో రెండు జనరేటర్లు తీసేసి, మూడు పెద్దవి పెడుతున్నారు. కట్టాక జనరేటర్ మార్చడమంటే ఏమిటో నా పదకొండు రోజుల బేరింగ్‌ని వందతో గుణించుకోండి.

అమెరికా వాళ్ళది ఇంకో రకం. జుమ్‌వాల్ట్ తరగతి 32 కడతామని మొదలెట్టి మూడు దగ్గర ఆపారు. దాని ఫిరంగికి వేసే ప్రత్యేకమైన గుండు ఒక్కోటి ఎనిమిది లక్షల డాలర్లకి తేలడంతో గుళ్ళు కొనడమే మానేశారు. గుళ్ళు లేని ఫిరంగి! చివరికి ఫిరంగులే పీకి మిసైళ్ళు పెడుతున్నారు. అదే దేశంలో 1991లో వచ్చిన ఆర్లీ బర్క్ మాత్రం మార్చుకుంటూ మార్చుకుంటూ ఇంకా కడుతూనే ఉన్నారు.

15బికి 2011 జనవరిలో కాంట్రాక్టు, మొదటి షిప్పు నేవీలో చేరింది 2021 నవంబర్. అదీ పాత అచ్చు మీదే. కొత్త అచ్చుకి ఇంకెంత పడుతుందో మీరే లెక్కేసుకోండి. అది మొదటిసారి రీఫిట్‌కి, అంటే పెద్ద మరమ్మతుకి, వచ్చినప్పుడు దాన్ని విప్పబోయే కుర్రాడు ఇప్పటికింకా బళ్ళో చేరి ఉండడు. ఆ కుర్రాడి తరఫున నావి రెండే కోరికలు. ఇంజిన్ బయటికి రావడానికి ఒక దారి ఉంచండి. ఎందుకో ఇప్పుడు తెలియకపోయినా ఒక గది ఖాళీగా ఉంచండి. డ్రాయింగ్ పాసయ్యే ముందు ఒక ముసలి ఫిట్టర్ని కూర్చోబెట్టి చూపిస్తే మూడోది కూడా చెబుతాడు, టీ ఖర్చే.

15బికి నా మార్కులు అయిదుకి మూడున్నర. కట్టుబడికి, ఏసీకి, హెలికాప్టర్ గదికి నాలుగున్నర వెయ్యాలనిపించింది. గూళ్ళు తక్కువైనందుకు, పాత అచ్చు వదలనందుకు అర, ఆ వాల్వ్‌కి అర తీసేశాను.

ఇంతవరకు రాసి పంపే ముందు మావాడికి చదివి వినిపించాను, బయటపెట్టకూడనిది ఏదైనా ఉందేమోనని. అన్నీ విని, "పెదనాన్నా, ఆ వాల్వ్ చేత్తో తిప్పేది కాదు. దానికి పొడుగు హ్యాండిల్ ఒకటి ఉంది, ఎదురు గోడకి క్లిప్పుల్లో పెట్టి ఉంటుంది. ట్రే వెనక నుంచి దూర్చి తిప్పుతాం" అన్నాడు.

"మరి ఆ రోజు నాకు కనిపించలేదే?"

"మీరు దానికే వీపు ఆనించి నించున్నారు."

సరే. అర నక్షత్రం వెనక్కిచ్చేస్తున్నాను, నాలుగు. కానీ ఒరే అబ్బాయ్, కరెంటు పోయి, పొగ కమ్మి, ఆ హ్యాండిల్ క్లిప్పులోంచి ఊడి ఎక్కడో పడిపోయిన రోజున బొటనవేలు పట్టేంత జాగా ఉంటే ఏం పోయిందో అది కూడా వాళ్ళని అడిగి చెప్పు.